సంగటి ముద్దలోని శక్తి ఒంటికెలా అందుతుంది

మనిషి తినే ఆహారంలోని శక్తికి మూలం సూర్యరశ్మి. కడప జిల్లా మైదుకూరు చుట్టుపక్కల కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద పండే వరి అయినా, కాలువ నీరు అందని మెట్ట చేలల్లో పండే జొన్న, కొర్ర, చెనిక్కాయ (వేరుశనగ) అయినా ఎండను ఆకుల్లో పట్టి, దాని బలంతో గాలిలోని బొగ్గుపులుసు వాయువునూ నేలలోని నీటినీ పిండిగా, నూనెగా మార్చుకుంటాయి. ఆ పిండినీ నూనెనూ ప్రాణవాయువుతో తిరిగి కలిపితే దాగిన శక్తి బయటపడుతుంది. పొయ్యిలో జరిగేదీ ఒంట్లో జరిగేదీ మూలంలో ఒకే చర్య అని 1780లలో ఫ్రాన్స్‌లో లవోయిజియే, లాప్లాస్ తేల్చారు. ఒక జంతువు వదిలిన వేడిని మంచు కరిగిన లెక్కన కొలిచి, అది వదిలిన బొగ్గుపులుసు వాయువుతో పోల్చి చూశారు. తేడా అల్లా ఒకటే: శరీరం ఈ పనిని 37 డిగ్రీల దగ్గర, పదుల కొద్దీ చిన్న చిన్న అంచెల్లో చేస్తుంది. ప్రతి అంచెకూ ఒక ఎంజైము కావాలి, కొన్నిటికి ఒక విటమినో లోహమో కూడా కావాలి. అందుకే ఎంత తిన్నారన్నది ఈ విషయంలో మొదటి ప్రశ్న మాత్రమే. కడుపు నుంచి కణం దాకా ఉన్న దారిలో ప్రతి లంకె విడిగా తెగిపోగలదు. తెలుగు నేల మీద వాటిలో చాలా లంకెలు ఏదో ఒక కాలంలో తెగాయి. శరీరశాస్త్రం ఆ దారిని తెలుసుకున్నది కూడా చాలావరకు అలా తెగినచోట్ల నుంచే.

ఆహారశక్తిని కిలోకేలరీల్లో కొలుస్తారు. వాడుకలో వీటినే కేలరీలు అంటారు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించే శక్తి ఒక కిలోకేలరీ. పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో అట్వాటర్ స్థిరపరిచిన లెక్క ప్రకారం గ్రాము పిండిపదార్థం నుంచి 4, గ్రాము మాంసకృత్తుల నుంచి 4, గ్రాము కొవ్వు నుంచి 9 కిలోకేలరీలు ఒంటికి దక్కుతాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పట్టికల్లో 100 గ్రాముల రాగులకు సుమారు 320, జొన్నలకు 334, పాలిష్ బియ్యానికి 356 కిలోకేలరీలు ఉన్నాయి. చెనిక్కాయ గింజలకు 520. గింజలో 40 శాతం దాకా నూనె ఉండటమే ఆ పెద్ద అంకెకు కారణం. గుప్పెడు బియ్యం ఉడికించి, రాగిపిండి పోసి, కట్టెతో కెలికి చేసిన సంగటిలో 100 గ్రాముల పిండి, 50 గ్రాముల బియ్యం పడ్డాయనుకుంటే దాదాపు 500 కిలోకేలరీలు వస్తాయి. పక్కన ఊరుబిండి పచ్చడిలో 30 గ్రాముల చెనిక్కాయ గింజలు నూరి ఉంటే మరో 150 చేరతాయి. శక్తి లెక్కలో రాగికీ బియ్యానికీ పెద్ద తేడా లేదని ఇక్కడే గమనించాలి. రాగి గొప్పదనం 100 గ్రాములకు 364 మిల్లీగ్రాములు ఉండే కాల్షియంలోనూ, 11 గ్రాముల పీచులోనూ ఉంది. సంగటి తింటే బలం అన్న మాటలో నిజం ఉంది గానీ, ఆ బలం కేలరీలది మాత్రం కాదు.

ఇలా వచ్చిన శక్తి మూడు దారుల్లో ఖర్చవుతుంది. కదలకుండా పడుకున్నా గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, మెదడు పనిచేయాలి, ప్రతి కణం తన లోపలి ఉప్పునూ పొటాషియాన్నీ సరిచేసుకుంటూ ఉండాలి. ఈ కనీస ఖర్చు కిలో బరువుకు గంటకు ఇంచుమించు ఒక కిలోకేలరీ. బరువులో రెండు శాతమే ఉండే మెదడు ఇందులో అయిదో వంతు తీసుకుంటుంది. రెండో ఖర్చు అరిగించుకోవడానికి అయ్యేది, తిన్నదాంట్లో పదో వంతు. మాంసకృత్తుల విషయంలో ఇది ఇరవై ముప్పై శాతం దాకా పోతుంది. మిగిలింది పనికి. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల్లో 65 కిలోల మగవాడికి కూర్చుని చేసే పనైతే రోజుకు 2,110, ఒళ్లు వంచి చేసే బరువు పనైతే 3,470 కిలోకేలరీలు కావాలని ఉంది. 55 కిలోల ఆడమనిషికి అవే అంకెలు 1,660, 2,720. గర్భిణికి మరో 350, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలల్లో 600 అదనం. పసుపు తవ్వే కాలంలోనో, వరి కోతల్లోనో కూలికి పోయే బాలింత లెక్క ఇందులో ఎక్కడ పడుతుందో చూస్తే ఆ అంకెల బరువు అర్థమవుతుంది.

ఈ లెక్కను కడప, కర్నూలు సీమలు అతి క్రూరంగా చవిచూసిన కాలం ఒకటి ఉంది. 1876-78 కరువులో మద్రాసు రాజధానిలో అత్యంత దెబ్బతిన్న జిల్లాల్లో ఇవి రెండూ ఉన్నాయి. అప్పటికి కె.సి. కాలువ ఉంది గానీ, కరువును ఆపలేకపోయింది. 1877 మొదట్లో భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనులు చేసే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కూరానారకు కాసిని డబ్బులు చాలన్నాడు. పౌను అంటే 450 గ్రాములు. రాగులైతే 1,450, బియ్యమైతే 1,600 కిలోకేలరీలు. ఎండి చిక్కి 50 కిలోలకు దిగిన మనిషికి కూడా కనీస ఖర్చే 1,200 దాటుతుంది. అరుగుదల ఖర్చు తీసేస్తే రాళ్లు కొట్టడానికీ మట్టి మోయడానికీ మిగిలేది నూరో రెండు నూర్లో. రాజధాని శానిటరీ కమిషనర్ కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. బరువు పని చేసేవాడికి ఈ తిండి మెల్లగా చావేనని ఆయన వాదం. కొద్ది నెలలకే మద్రాసు ప్రభుత్వం కూలి పెంచక తప్పలేదు. కార్నిష్ చేతిలో కేలరీ పట్టికలు లేవు, ఆయన వాదం మాత్రం సరైనదే. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో యాన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు ఇంచుమించు ఇంతే, రోజుకు సుమారు 1,570 కిలోకేలరీల తిండి పెట్టి చూశాడు. వాళ్ల బరువు నాలుగో వంతు పడిపోయింది, కనీస ఖర్చు 40 శాతం దాకా తగ్గింది. ఒళ్లు చల్లబడింది, గుండె నెమ్మదించింది, తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. అదీ వైద్యుల కళ్ల ముందు. తిండి తగ్గినప్పుడు శరీరం ఖర్చు తగ్గించుకుంటుంది, నిజమే. కానీ ఆ పొదుపులో మొదట పోయేది పని చేసే శక్తి, ఆ తరువాత కండ.

తిన్నది పొట్టలో పడగానే ఒంటికి పట్టినట్టు కాదు. పచ్చి పిండిరేణువులు గట్టిగా అల్లుకుని ఉంటాయి, వాటిలోకి ఎంజైము దూరలేదు. ఉడికినప్పుడు అవి నీరు పీల్చి ఉబ్బి విచ్చుకుంటాయి. వంట అరుగుదలలో మొదటి అంచె అనడం అతిశయోక్తి కాదు. లాలాజలంలోని అమైలేజ్ నోట్లోనే పని మొదలుపెడుతుంది. సంగటి ముద్దను నమలకుండా మింగడం అలవాటు గనుక ఆ అంచె అక్కడ దాదాపు లేనట్టే. క్లోమం నుంచి చిన్నపేగులోకి వచ్చే అమైలేజ్ ఆ లోటు పూడుస్తుంది. పేగు గోడ మీది ఎంజైములు చివరి ముక్కలను గ్లూకోజుగా తెంచుతాయి. మాంసకృత్తులు జీర్ణాశయంలోని ఆమ్లంలో విడిపోయి, ముక్కలై, అమైనో ఆమ్లాలుగా రక్తంలో చేరతాయి. కొవ్వు దారి వేరు. నీటిలో కరగని ఆ నూనెను పైత్యరసం చిన్న చిన్న బిందువులుగా చెదరగొడితే లైపేజ్ కోస్తుంది. పేగు కణాలు దాన్ని మళ్లీ కూర్చి లింఫు నాళాల ద్వారా రక్తంలోకి పంపుతాయి. అరగని పీచు పెద్దపేగుకు పోతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారిస్తే గ్రాముకు రెండు కిలోకేలరీల దాకా దక్కుతాయి.

గ్లూకోజు పేగు గోడ దాటే పద్ధతి ప్రత్యేకమైనది. ఉప్పులోని సోడియం తోడు వస్తేనే ఆ ద్వారం తెరుచుకుంటుందని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. సోడియమూ గ్లూకోజూ కలిసి లోపలికి పోతుంటే నీరు వాటి వెంట పోతుంది. వాంతులు విరేచనాలైన బిడ్డకు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు ప్రాణం పోయడానికి కారణం ఇదే. ఎండాకాలంలో ఉప్పేసిన అంబలి దాహాన్ని మాత్రమే తీర్చినట్టు కనిపిస్తుంది గానీ, అది నీరు, ఉప్పు, గ్లూకోజు మూడింటినీ కలిపి లోపలికి పంపే తిండి.

పేగు గోడ చెడితే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. స్ప్రూ అనే జబ్బులో జరిగేది అదే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఈ జబ్బుకే తన అన్నదమ్ములను పోగొట్టుకున్నాడు, తానూ దాని బారిన పడి బయటపడ్డాడు. మద్రాసులో వైద్యం చదివి 1922లో బోస్టన్ చేరాడు. తరువాతి కాలంలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం సాధించిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూకు మందుల్లో ఒకటైంది. ఆహారశక్తి కథలో ఆయన అసలు పాత్ర మరొకటి, అది ముందు వస్తుంది.

భోజనం తరువాత రక్తంలో గ్లూకోజు పెరగగానే క్లోమం ఇన్సులిన్ వదులుతుంది. దానితో కండలు, కొవ్వు కణాలు గ్లూకోజును లోపలికి తీసుకుంటాయి, కాలేయం గ్లైకోజెన్‌గా దాచుతుంది. కాలేయంలో దాగేది 100 గ్రాములు, కండల్లో 400 గ్రాములు ఉండొచ్చు. కండలోని నిల్వ కండకే తప్ప రక్తానికి తిరిగి రాదు. అంతా కలిపినా రెండు వేల కిలోకేలరీలు, ఒక రోజు బత్తెం. అసలు నిల్వ కొవ్వు. ఒంట్లో పది కిలోల కొవ్వు ఉంటే దాదాపు తొంభై వేల కిలోకేలరీలు ఉన్నట్టే. రాత్రి తిని పొద్దున దాకా ఉపవాసమున్నప్పుడు క్లోమం గ్లూకగాన్ వదిలి కాలేయంలోని గ్లైకోజెన్‌ను కరిగిస్తుంది. ఒక రోజు దాటితే కొవ్వు కరగడమే ముఖ్యమవుతుంది. మెదడు మాత్రం కొవ్వు ఆమ్లాలను వాడలేదు. దానికి రోజుకు 120 గ్రాముల గ్లూకోజు కావాలి. కాలేయం కండల మాంసకృత్తుల నుంచి దాన్ని తయారు చేస్తుంది. ఉపవాసం మరి కొన్ని రోజులు సాగితే కొవ్వు నుంచి పుట్టే కీటోన్లతో మెదడు సరిపెట్టుకోవడం నేర్చుకుంటుంది. ఈ ఏర్పాటు లేకపోతే కరువు రోజుల్లో కండ కరిగిపోయి మనిషి రెండు మూడు వారాలకు మించి నిలవడు.

కణం లోపల గ్లూకోజు మొదట పది అంచెల్లో రెండు పైరువేట్ ముక్కలవుతుంది. ప్రాణవాయువు అక్కరలేని ఈ దారిలో దక్కే శక్తి కొద్ది. మిగిలినదంతా పైరువేట్ కణంలోని మైటోకాండ్రియా అనే భాగంలోకి ప్రవేశిస్తేనే. ఆ గుమ్మం దగ్గర థయామిన్ అనే బి1 విటమిన్ కావాలి. ఈ లంకె కోస్తా తెలుగు జిల్లాల్లో తెగింది. అప్పటి ఉత్తర సర్కారుల్లో మిల్లులో తెల్లగా పట్టిన పచ్చి బియ్యం తినేవాళ్లకు బెరిబెరి వచ్చేది. కాళ్లు తిమ్మిరెక్కడం, ఒళ్లు నీరు పట్టడం, చివరికి గుండె ఆగడం. తవుడుతో పాటు థయామిన్ పోయింది. కడుపు నిండా అన్నం ఉన్నా గ్లూకోజు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఎడతెగని పనిలో ఉండే గుండె, నరాలు ముందు దెబ్బతిన్నాయి. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి పరిశోధన కోసం తెరిచిన చిన్న ప్రయోగశాలే పెరిగి, 1958లో హైదరాబాద్‌కు తరలి, ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. జొన్న, రాగి, కొర్ర తినే రాయలసీమ మెట్టకు బెరిబెరి భయం అంతగా లేదు. చిరుధాన్యాలను పాలిష్ పట్టడం అప్పట్లో లేకపోవడమే దానికి కారణం. ఇప్పుడు అంగట్లో దొరికే తెల్లటి కొర్ర బియ్యానికి ఆ రక్షణ వర్తించదు.

గుమ్మం దాటిన ముక్కలు, కొవ్వు నుంచి వచ్చిన ముక్కలు, అమైనో ఆమ్లాల ముక్కలు అన్నీ ఒకే వలయంలో కలుస్తాయి. 1937లో హాన్స్ క్రెబ్స్ దాన్ని గుర్తించాడు. ఆ వలయం తిరిగినప్పుడు వెలువడే హైడ్రోజన్‌ను మోసుకుపోయేది ఎన్ఏడీ అనే అణువు. దాని తయారీకి నియాసిన్ అనే విటమిన్ కావాలి. ఇది తెగితే పెల్లాగ్రా. ఎండ తగిలే మెడ మీద, చేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మతి చలిస్తుంది. మొక్కజొన్న ఒక్కటే తినేవాళ్ల జబ్బుగా ప్రపంచం దీన్ని ఎరుగును. దక్కన్‌లో జొన్న ఒక్కటే తినే పేదలకూ ఇది వస్తున్నదని హైదరాబాద్‌లో సి. గోపాలన్, ఆయన సహచరులు 1960 ప్రాంతంలో చూపారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండి నియాసిన్ తయారీని చెదరగొడుతుందని వాళ్ల సిద్ధాంతం. దానిపై తరువాత వాదోపవాదాలు నడిచాయి. జొన్నరొట్టెతో పాటు పప్పో, పాలో, చెనిక్కాయో తినే ఇంట్లో ఈ జబ్బు కనపడదు. అంటే నేరం జొన్నది కాదు, జొన్న తప్ప వేరేది కొనలేని పేదరికానిది.

ఎన్ఏడీ మోసుకొచ్చిన హైడ్రోజన్ చివరికి ఊపిరితో వచ్చిన ప్రాణవాయువుతో కలిసి నీరవుతుంది. ఈ కలయికలో విడుదలయ్యే శక్తి మైటోకాండ్రియా లోపలి పొరకు ఒక వైపు హైడ్రోజన్ అయాన్లను నెట్టి నిలవచేస్తుందని 1961లో పీటర్ మిచెల్ చెప్పాడు. చాలా ఏళ్లు ఎవరూ నమ్మలేదు. 1978లో నోబెల్ వచ్చింది. ఆ అయాన్లు పొరలోని ఒక ప్రోటీన్ యంత్రం గుండా తిరిగి వస్తూ, ఆనకట్ట కింద నీరు చక్రాన్ని తిప్పినట్టు దాన్ని నిజంగానే గిరగిరా తిప్పుతాయి. ఆ తిరుగుడుతో ఏడీపీకి ఒక ఫాస్ఫేటు తగులుకుని ఏటీపీ తయారవుతుంది. ఒక గ్లూకోజు నుంచి 30 నుంచి 32 ఏటీపీలు వస్తాయి. ఆహారంలోని శక్తిలో నలభై శాతం ఇలా దక్కుతుంది, మిగిలింది వేడి. కండ ముడుచుకున్నా, నరం కబురు పంపినా, గోరు పెరిగినా చెల్లేది ఏటీపీ నాణెమే. ఒంట్లో ఏ క్షణానైనా ఉండే ఏటీపీ పదుల గ్రాములకు మించదు. రోజంతా అది విరిగి మళ్లీ కట్టుకునే మొత్తం మాత్రం మనిషి బరువుకు దగ్గరగా ఉంటుంది.

ఆ నాణేన్ని కనుగొన్నవాళ్లలో సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్‌ను రంగు చిక్కదనంతో కొలిచే పద్ధతిని 1925లో ఆయన ప్రచురించాడు. వాళ్లిద్దరి పేరు మీదనే అది వైద్య ప్రయోగశాలల్లో నిలిచింది. ఆ కొలతలతోనే 1927లో కండలోని ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. కండ పని చేస్తుంటే అది తగ్గేది, సేద తీరితే మళ్లీ పెరిగేది. 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుగొన్నాడు. అప్పటిదాకా కండను కదిపేది లాక్టిక్ ఆమ్లమన్న సిద్ధాంతం రాజ్యమేలుతుండేది. హిల్, మయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి కండ మీది పనికే వచ్చింది. సుబ్బారావు కొలిచిన ఫాస్ఫేట్లు ఆ సిద్ధాంతాన్ని పక్కకు నెట్టాయి. ఆయనకు హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీకి వెళ్లి, 1948లో 53 ఏళ్లకే చనిపోయాడు. జీవరసాయనం చదివే ప్రతి తెలుగు విద్యార్థికి ఏటీపీ పేరుతో పాటు ఈ పేరు కూడా తెలియాలి. చాలా పాఠ్యపుస్తకాలు ఈ బాధ్యత నెరవేర్చడం లేదు.

ఈ ఆవిష్కరణల వల్ల పనిలోని అంచెలు తేటపడ్డాయి. పసుపు బస్తాను భుజానికెత్తే మొదటి రెండు మూడు క్షణాలకు కండలో ఉన్న ఏటీపీ సరిపోతుంది. పది సెకన్ల దాకా ఫాస్ఫోక్రియాటిన్ దాన్ని తిరిగి నింపుతుంది. నిమిషం రెండు నిమిషాలు గ్లైకోజెన్ ప్రాణవాయువు లేకుండానే విరుగుతుంది. ఆపైన గంటల తరబడి సాగే పనికి ప్రాణవాయువే ఆధారం. దాన్ని మోసే హిమోగ్లోబిన్‌కు ఇనుము కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. వీళ్లలో చాలామందికి తిండి కొరత లేదు. తిన్నది కండలో మండడానికి చాలినంత ప్రాణవాయువు అందదు. అందుకే కాస్త నడిస్తే ఆయాసం, మధ్యాహ్నానికే నీరసం. రాగిలో ఇనుము ఉన్నా ఫైటేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి. మొలకెత్తించిన రాగిలోనూ, చింతపండు, నిమ్మకాయ పులుపు తోడైన భోజనంలోనూ ఆ పట్టు కొంత సడలుతుంది.

కండ సమర్థత ఇరవై, ఇరవై అయిదు శాతమే. గంటకు 300 కిలోకేలరీలు ఖర్చు చేసే కూలి ఒంట్లో 230 దాకా వేడిగా మారుతుంది. చలిదేశంలో అది ఒంటిని కాపాడే వేడి, 42 డిగ్రీల మే నెల ఎండలో కడప సీమలో అది ప్రమాదం. గాలి ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు వేడి బయటికి పోకపోగా లోపలికి వస్తుంది. చెమట ఆరడమొక్కటే దారి. లీటరు చెమట పూర్తిగా ఆరితే 580 కిలోకేలరీలు పోతాయి. పొడిగాలి ఇక్కడి అదృష్టం, చెమట త్వరగా ఆరుతుంది. కానీ ఎంత కారుతున్నదో తెలియదు, అదే దాని దగా. నీళ్లూ ఉప్పూ అందకపోతే రక్తం చిక్కబడి, గుండె చర్మానికీ కండకీ రెండిటికీ రక్తం పంపలేక వడదెబ్బకు దారి తీస్తుంది.

పిల్లల్లో శక్తి కొరత మరో రూపంలో కనిపిస్తుంది. ఎండుకుపోయిన బిడ్డలకు మాంసకృత్తులే తక్కువయ్యాయని 1960లలో ప్రపంచమంతా అనుకుని పొడులు, బిస్కెట్లు పంచడం మొదలుపెట్టింది. గోపాలన్ నాయకత్వంలో హైదరాబాద్ పరిశోధకులు పేద ఇళ్లలో పిల్లల తిండి కొలిచి చూసి, అసలు కొరత కేలరీలదని తేల్చారు. శక్తి చాలని ఒంట్లో తిన్న మాంసకృత్తులను కూడా శరీరం శక్తి కోసం కాల్చేస్తుంది, ఎదుగుదలకు మిగలనివ్వదు. ఇంట్లో వండే తిండే కాస్త ఎక్కువసార్లు, కొంచెం నూనెతో పెడితే రెండు లోట్లూ చాలావరకు తీరతాయన్నది దాని సారం. ఖరీదైన పొడుల ప్రచారం నడిచే ఈ రోజుల్లోనూ ఆ మాట వినదగ్గదే.

తెగే లంకెల్లో చివరిది, ఈనాడు చాలా విస్తృతమైనది, ఇన్సులిన్. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రచురించిన దేశవ్యాప్త సర్వే దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని అంచనా వేసింది. రక్తంలో గ్లూకోజు పుష్కలం, కణంలో కరువు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక మెట్ట ఊళ్లలోనూ రోజువారీ తిండి జొన్న, కొర్రల నుంచి తెల్ల బియ్యం వైపు వేగంగా మళ్లింది. ఆ పథకం లక్షల ఇళ్ల ఆకలి తీర్చింది, దాన్ని తక్కువ చేయడం అన్యాయం. అయితే అదే తరంలో ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు, కోత యంత్రాలు ఒంటి పనిని తగ్గించాయి. 3,470 కిలోకేలరీలు ఖర్చు చేసే తాత పళ్లెం 2,110 ఖర్చు చేసే మనవడి ముందుకు వచ్చింది. దీనికి తోడు భారతీయ శిశువులు బరువు తక్కువగా పుట్టినా కొవ్వు పాలు ఎక్కువగా ఉంటుందని పుణేలో యాజ్ఞిక్ పరిశోధనలు చూపాయి. తక్కువ కండతో మొదలైన ఒంటికి గ్లూకోజును దాచే చోటు తక్కువ. మధుమేహానికి సంగటి మందని ఊరూరా చెప్పుకోవడం వినిపిస్తుంది. మెత్తగా పట్టిన రాగిపిండిని బియ్యంతో ఉడికించి కెలికితే అదీ రక్తంలోకి త్వరగానే దిగుతుంది. ముద్ద సైజు తగ్గించి, పక్కన అలసందల కూరో, ఉలవచారో, ఊరుబిండో చేరిస్తే మాంసకృత్తులు, నూనె, పీచు దాని వేగాన్ని తగ్గిస్తాయి. కండ పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్ లేకుండానే గ్లూకోజు ద్వారాలు తెరుచుకుంటాయి. ఆ ప్రభావం పని ఆగాక కూడా చాలా గంటలు, కొన్నిసార్లు మరుసటి రోజు దాకా నిలుస్తుంది.